వార్తల్లో అరబ్బీ మాటలు – మన తర్జుమాలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కబురు పంపినప్పుడు, "దీన్ సంగతి చెప్పడానికి మౌలానా వున్నారు, చదువుల సంగతి చెప్పడానికి మాస్టర్లున్నారు, నేనేం చెప్పాలండీ?" అని అడిగాను. "మీరు గల్ఫులో అరబ్బీ పేపర్లను ఇంగ్లీషు చేసే ఉద్యోగం చేశారు గదా! మన కుర్రాళ్ళు ఫోనుల్లో అరబ్బీ వార్తలు చూస్తున్నారు. కింద ఇంగ్లీషులో ఏదో పడుతుంది. దాన్ని తెలుగు చేసి పదిమందికీ పంపేస్తున్నారు. ఒక్కోసారి దానివల్ల చిక్కు వస్తున్నది. అదే చెప్పండి" అన్నారు. సరేనన్నాను. నేను పండితుణ్ణి కాను. ఆ పని చేసి కూడు తిన్నవాణ్ణి. చేసిన తప్పులు జ్ఞాపకం వున్నవాణ్ణి. అంతవరకే నా అర్హత.

అరబ్బీ మాట మనకు కొత్త కాదని ముందు మనవి చేస్తాను. మన ఊరు పేరే చూడండి. బందరు అంటే ఫారసీలో రేవు. కనుక బందరు పోర్టు అంటే రేవు రేవు అన్నట్టు! గోలకొండ నవాబుల కాలంలో ఇక్కడినుంచి బందర్ అబ్బాసుకూ, ఎర్ర సముద్రపు రేవులకూ ఓడలు నడిచాయి. సరుకులతోబాటు మాటలూ దిగుమతి అయినాయి. గుడివాడ పక్కన ఏ ఊళ్ళో రైతునైనా పలకరించండి. "ఖరీఫు దెబ్బతిన్నది, రబీ మీద ఆశ పెట్టుకున్నాం, బాకీ వసూలు చేసుకోను మనిషి వచ్చాడు, తహసీల్దారు దగ్గరికి పోవాలి" అంటాడు. ఖరీఫు అరబ్బీలో శరదృతువు. రబీ వసంతం. బాకీ, వసూలు, తహసీలు అన్నీ అరబ్బీవే. ఆ మాటకొస్తే రైతు అన్న మాటే అరబ్బీ రఇయ్యత్ నుంచి వచ్చింది. దానికి అక్కడ ఏలుబడిలోని జనం అని అర్థం. మన దగ్గరికి వచ్చేసరికి అరక దున్నేవాడయ్యాడు. ఏ మతం వాడైనా, ఏ కులం వాడైనా అందరి నోటా ఈ మాటలే. బందరులో ఉద్యోగం చేసి వెళ్ళిన బ్రౌను దొర ఇటువంటి పదాలన్నిటినీ పోగుచేసి 1854లో మిశ్రభాషా నిఘంటువు అని ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేశాడు. కచేరీ కాగితాల్లో ఆ మాటలు తెలియకపోతే దొరలకు పని జరిగేది కాదు మరి.

అయితే ఇక్కడే ఒక మెలిక వున్నది. మాట ప్రయాణం చేసినప్పుడు అర్థం కూడా దానితోబాటే వస్తుందని నమ్మకం లేదు. మన పేటలో ఒకసారి సీరత్ జల్సా అని గోడపత్రిక అంటించారు. మా పక్కింటి శాస్త్రిగారు నన్ను పిలిచి, "ఏమయ్యా, ప్రవక్తగారి పేరుతో జల్సాలేమిటి, తప్పు కదూ?" అన్నారు. ఆయన వెటకారానికి అనలేదు, నిజంగానే బాధపడి అన్నారు. అరబ్బీలో జల్సా అంటే కూర్చోవడం, సమావేశం. ఉర్దూలో బహిరంగ సభ. తెలుగులోకి వచ్చేసరికి విలాసం. భద్రతా మండలి జల్సా అని అరబ్బీ పత్రిక రాస్తే మనకు నవ్వొస్తుంది. అదే ధాతువులోంచి వచ్చిన జులూస్‌కు కూడా అరబ్బీలో కూర్చోవడమనే అర్థం. ఉర్దూలో అది ఊరేగింపు! అక్కడ కూర్చున్నవాడు ఇక్కడికి వచ్చేసరికి లేచి నడుస్తున్నాడు.

నవ్వుకోవడానికి బాగానే వుంటుంది. జీతం తీసుకుని చేసే పనిలో మాత్రం నవ్వులాట కాదు.

1983లో నేను గల్ఫులో ఒక కంపెనీలో చేరాను. ఉర్దూ వచ్చును, మదరసాలో చదివిన అరబ్బీ వచ్చును, ఇంగ్లీషు టైపు వచ్చును. పొద్దున్నే పేపర్లు చూసి, వ్యాపారానికి పనికొచ్చే ఐదారు వార్తలు ఇంగ్లీషులో కొట్టి మేనేజరు బల్ల మీద పెట్టాలి. రెండో వారంలోనే ఒక వార్త వచ్చింది, కస్టమ్సులో ఫసాద్ అని. మన ఉర్దూలో ఫసాద్ అంటే గొడవ, కొట్లాట. మతకలహానికి కూడా ఆ మాటే. కస్టమ్సులో అల్లర్లు అని నేను ఇంగ్లీషులో కొట్టేశాను. మేనేజరు అది చదివి ఆ రోజు రేవుకు వెళ్ళవలసిన లారీలన్నీ ఆపించాడు. మధ్యాహ్నం మా ఆఫీసులో సూడాను గుమాస్తా ఆ కాగితం చూసి నెత్తి కొట్టుకున్నాడు. అరబ్బీ పత్రికల్లో ఫసాద్ అంటే లంచగొండితనం. అధికారులు లంచాలు తిన్న వార్త అది! మేనేజరు నన్ను కేకలు వేయలేదు. మర్నాడు నా బల్ల మీద ఒక లావుపాటి నిఘంటువు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సిగ్గు ఇప్పటికీ వున్నది.

అది హాన్స్ వేర్ అనే జర్మను పండితుడు తయారుచేసిన అరబ్బీ నిఘంటువు. దాని ఇంగ్లీషు కూర్పు 1961లో వచ్చింది. ఈనాటి పత్రికల్లో, పుస్తకాల్లో మాట ఎలా వాడుతున్నారో చూసి చేసింది. ఇంత ఉపకారం చేసిన ఆ పుస్తకం పుట్టుక మాత్రం మంచిది కాదు. హిట్లరు పుస్తకాన్ని అరబ్బీలోకి తర్జుమా చేయించడానికి పనికొస్తుందని నాజీ ప్రభుత్వం దానికి డబ్బు పెట్టింది. దానికోసం పదాలు సేకరించి ఇచ్చినవారిలో హెడ్విగ్ క్లైన్ అనే యూదు విదుషి వున్నది. 1942లో ఆమెను ఆష్విట్జ్‌కు పంపారు. తిరిగి రాలేదు. నిఘంటువు తెరిచినప్పుడల్లా ఆమె జ్ఞాపకం వస్తుంది.

మనకున్న పెద్ద ప్రమాదం అరబ్బీ రాకపోవడం కాదు, ఉర్దూ వచ్చు గనుక అరబ్బీ కూడా వచ్చేసిందనుకోవడం. దీనికి ఇంక్విలాబ్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇంక్విలాబ్ జిందాబాద్ అన్న నినాదాన్ని 1921లో మౌలానా హస్రత్ మొహానీ ఇచ్చారు. భగత్ సింగ్ నోట అది దేశమంతా మోగింది. మనకు ఇంక్విలాబ్ అంటే విప్లవం, గౌరవమైన మాట. అరబ్బీ పత్రికలో ఇంకిలాబ్ అంటే సైన్యం కుట్రచేసి గద్దెనెక్కడం. విప్లవానికి వాళ్ళ మాట సౌరా. 2013 జూలై 3న ఈజిప్టులో అధ్యక్షుడు ముర్సీని సైన్యం దించివేసింది. ముర్సీ వైపువాళ్ళు అది ఇంకిలాబ్ అన్నారు. సైన్యం వైపువాళ్ళు కాదు, సౌరా అన్నారు. రాజకీయమంతా ఆ రెండు మాటల మధ్యనే వున్నది. ఏ మాట పలికితే ఆ పక్షం వాడని లెక్క. అప్పుడు ఉర్దూ తెలిసిన మనవాడొకడు ఇంకిలాబ్‌ను విప్లవం అని తెలుగు చేశాడనుకోండి. తిట్టినవాణ్ణి పొగిడినవాడుగా చేసినట్టయింది!

నిజాం అన్న మాట కూడా అంతే. మనకు నిజాం అంటే హైదరాబాదు ప్రభువు. అరబ్బీలో నిజాం అంటే వ్యవస్థ, ఏలుబడి. 2011లో అరబ్బు దేశాల వీధుల్లో జనం నిజాం కూలిపోవాలని కేకలు వేస్తుంటే టీవీ ముందు కూర్చున్న మా మేనమామ, "నిజాం ఎప్పుడో పోయాడు గదరా, వీళ్ళకింకా తెలియదా?" అన్నారు.

తెలియక చేసే తప్పులు చెప్పాను. తెలిసినా తప్పించుకోలేనివి కొన్ని వున్నాయి. ఇజ్రాయెల్ అన్న పేరు పలకడం ఇష్టంలేని అరబ్బీ పత్రికలు అల్ కియానుస్సహ్యూనీ అని రాస్తాయి. మాటకు మాట వేస్తే ఇంగ్లీషులో జయనిస్ట్ ఎంటిటీ అవుతుంది. ఇంగ్లీషువాడెవడూ అలా మాట్లాడడు. పోనీ ఇజ్రాయెల్ అని రాస్తే ఇంగ్లీషు బాగానే వుంటుంది గాని, ఆ పత్రిక పేరు పలకనన్న పంతం ఎగిరిపోతుంది. అవతలి పక్షం మాత్రం తక్కువదా? వాళ్ళ సైన్యం పేరులోనే రక్షణ అన్న మాట పెట్టుకున్నారు. అరబ్బీ పత్రికలు దాన్నే జైషుల్ ఇహ్‌తిలాల్, అంటే ఆక్రమణ సైన్యం అంటాయి. రెండు పేర్లలోనూ వాదం కూర్చుని వున్నది. నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మంత్రిగారి ఉపన్యాసమైతే ఆయన మాట ఆయన నోటనే, కొటేషను గుర్తుల మధ్య వుంచాలి. వార్త నా నోట చెప్పేటప్పుడు ఇజ్రాయెల్, ఇజ్రాయెల్ సైన్యం అని రాయాలి. పత్రిక వేరే పేరు వాడిందని అడుగున ఒక ముక్క చేర్చాలి. యుద్ధాల పేర్లూ ఇంతే. 1973 యుద్ధాన్ని ఇంగ్లీషు పత్రికలు యూదుల పండుగ పేరుతో యోమ్ కిప్పూర్ యుద్ధమన్నాయి. అరబ్బులు అక్టోబరు యుద్ధమనీ, రంజాను యుద్ధమనీ అన్నారు. ఈజిప్టులో అక్టోబరు 6 పేరుతో ఒక పట్టణం, రంజాను 10 పేరుతో ఇంకొక పట్టణం వున్నాయి. రెండూ ఆ యుద్ధం మొదలైన రోజే!

ఇక మన వీధిలోకి వద్దాం. ఫత్వా. ఇప్పుడు తెలుగు పత్రికల్లో ఏ పార్టీ నాయకుడు తన కార్యకర్తలకు హుకుం ఇచ్చినా ఫత్వా జారీ చేశాడని రాస్తున్నారు. 1989 ఫిబ్రవరి 14న సల్మాన్ రష్దీ విషయంలో ఖొమైనీ ఇచ్చిన ఫత్వాతో ఆ మాటకు లోకంలో మరణశిక్ష అన్న అర్థం అంటుకున్నది. అసలు ఫత్వా అంటే అడిగిన ప్రశ్నకు ముఫ్తీ చెప్పే అభిప్రాయం. బంగారం తాకట్టు పెట్టవచ్చునా, రైల్లో నమాజు ఎటు తిరిగి చేయాలి, ఇటువంటివే నూటికి తొంభై. చివర వల్లాహు అఅలం, అంటే అల్లాహ్‌కే బాగా తెలుసు, అని రాసి సంతకం చేస్తారు. ఆజ్ఞ ఇచ్చేవాడు అలా రాస్తాడా? 2014 జూలై 7న సుప్రీంకోర్టు కూడా ఫత్వాకు చట్టబలం లేదు, ఎవరి మీదా బలవంతంగా అమలు జరపడానికి వీల్లేదు అని చెప్పింది. ఆ తీర్పు మన మీద వచ్చిందని కొందరు గింజుకున్నారు. నాకైతే నిఘంటువులో వున్న అర్థాన్నే కోర్టువారు చెప్పినట్టు తోచింది.

జిహాద్ సంగతి చెప్పేటప్పుడు మనవాళ్ళనూ ఒక మాట అనవలసి వుంటుంది. ఇంగ్లీషు పత్రికలు హోలీ వార్ అంటే, మనవాళ్ళు తెలుగులో పవిత్ర యుద్ధం అన్నారు. ఆ పదబంధం అరబ్బీదే కాదు, క్రైస్తవుల శిలువ యుద్ధాల చరిత్ర వున్న యూరపు నుంచి వచ్చింది. జిహాద్ ధాతువుకు పాటుపడడం అని అర్థం. యుద్ధం చేయడానికి ఖితాల్ అని వేరే మాట వుండనే వున్నది. ఇదంతా నిజమే. కాని మనవాళ్ళు వెంటనే, "జిహాద్ అంటే మనసును శుద్ధి చేసుకోవడం, అంతే!" అని సభల్లో చెప్పేస్తారు. అది కూడా సగమే. ఫిఖా గ్రంథాల్లో జిహాద్ అధ్యాయం తెరిస్తే యుద్ధ నియమాలే వుంటాయి. అరబ్బీ పత్రిక 1985లో అఫ్గాన్ ముజాహిదీన్ అని రాస్తే తుపాకీ పట్టినవారనే అర్థం. వాళ్ళను ఆనాటి అమెరికా అధ్యక్షుడు రీగన్ స్వాతంత్ర్య సమరయోధులన్నాడు. మన ఉర్దూలోనూ స్వాతంత్ర్య సమరయోధుణ్ణి ముజాహిదె ఆజాదీ అంటాం. మాట ఒకటే. ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద అన్నారన్నది చూడకుండా దాన్ని తెలుగు చేయకూడదు. మనకు అనుకూలంగా మెత్తన చేసి చెబితే, రేపు పక్కింటివాడు వేరేచోట చదివి, వీళ్ళు మన దగ్గర దాచారనుకుంటాడు. గట్టిచేసి రాసే పత్రిక వల్ల జరిగే చెరుపు, ఈ దాపరికం వల్ల కూడా జరుగుతుంది.

నేను ఎక్కువ సేపు చెప్పదలచినది షహీద్ అన్న మాట గురించి. గాజా ఆరోగ్యశాఖ అరబ్బీ ప్రకటనల్లో చనిపోయినవారిని షుహదా అనే రాస్తుంది. పాలు తాగే పిల్లయినా, ఆస్పత్రి మంచం మీది ముసలాయనైనా అంతే. దాన్ని ఇంగ్లీషులో మార్టిర్ అని వేస్తే, చదివేవాడికి ఆయుధం పట్టినవాడో, ప్రాణం కావాలని ఇచ్చినవాడో అనిపిస్తుంది. తెలుగులో అమరవీరుడు అంటే ఇంకా ఎక్కువ. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతాం. అక్కడ ఆ మాట సరిపోతుంది. నెలల పసికందుకు సరిపోతుందా? అలాగని ఉత్త చనిపోయారు అంటే, తల్లి నోట షహీద్ అన్న మాటలో వున్న దుఆ పోతుంది.

ఈ ఒక్క మాట వల్ల ఫేసుబుక్కు నడిపే మెటా కంపెనీ పెద్ద చిక్కులో పడింది. ప్రమాదకరులని వాళ్ళు జాబితా కట్టిన మనుషుల గురించి రాస్తూ షహీద్ అంటే చాలు, పొగడ్త కింద లెక్కవేసి తీసేసేవారు. ఖండిస్తూ రాసినా, వార్తగా రాసినా అంతే. ఆ కంపెనీ నిర్ణయాలను తనిఖీ చేసే స్వతంత్ర బోర్డు 2024 మార్చి 26న ఇది తప్పు అని చెప్పింది. ఆ వేదికల మీద ఏ ఒక్క మాట వల్లా జరగనంత తొలగింపు ఈ మాట వల్ల జరిగిందని బయటపెట్టింది. ఒక మాటకు ఒకే అర్థమని యంత్రానికి నేర్పితే జరిగేది అదే.

షహీద్ ధాతువుకు అర్థం సాక్షి. ఖుర్ఆన్‌లో ఎక్కువ చోట్ల ఆ అర్థమే. గ్రీకులో మార్టిర్ అన్న మాటకూ మొదటి అర్థం సాక్షే! యుద్ధంలో పోయినవాడే షహీద్ కాదని హదీసుల్లో వున్నది. ప్లేగుతో పోయినవాడు, కడుపు జబ్బుతో పోయినవాడు, నీట మునిగి పోయినవాడు, ఇల్లు కూలి మీదపడి పోయినవాడు, వీళ్ళంతా షహీద్‌లే.

ఆ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారు. నాలుగో రోజున బందరు నుంచి బియ్యం, కిరసనాయిలు వేసుకుని మేం కుర్రవాళ్ళం ఒక జట్టుగా నాగాయలంక వైపు వెళ్ళాం. బియ్యం పంచేపని కంటే శవాలు ఎత్తే పని ఎక్కువైంది. ఏది ఎవరి శవమో, ఏ మతమో ఎవరు చెప్పగలరు? ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని వున్నాడు. ఇంట్లో ఏడుగురు పోయారు, ఒక్కరి మైయత్తూ దొరకలేదు. స్నానం, కఫను, నమాజు ఏదీ లేదే అని మేం బాధపడుతుంటే ఆయనే మమ్మల్ని ఓదార్చాడు. "నీళ్ళల్లో పోయినోళ్ళు షహీదులు బిడ్డా. వాళ్ళనూ, పక్కనోళ్ళనూ అల్లా చూసుకుంటాడు" అన్నాడు. ఆ షహీద్‌ను ఏ ఇంగ్లీషులో పెట్టను? అమరవీరుడని తెలుగు చేస్తే ఆ ముసలాయనకే అర్థం కాదు. అందుకని నేను ఇప్పటికీ నా నోట చెప్పే వార్తలో చనిపోయారు, చంపబడ్డారు అనే రాస్తాను. తల్లో తండ్రో అన్నమాటైతే షహీద్ అన్న మాటే వుంచి, దాని భావం ఒక వాక్యంలో చెబుతాను. కాస్త జాగా పడుతుంది. పడనివ్వండి.

ఉప్పెన మాట వచ్చింది గనుక ఇంకొక్కటి. మన తుఫాను అన్న మాటే ఖుర్ఆన్‌లో సూరా అన్కబూత్‌లో తూఫాన్‌గా వున్నది, నూహ్ అలైహిస్సలాం కాలపు జలప్రళయానికి. మనకు తుఫాను అంటే గాలీ వానా. అరబ్బీ తూఫాన్ అంటే నీరు వచ్చి ముంచేయడం. 2023 అక్టోబరు 7న హమాస్ తన దాడికి తూఫానుల్ అఖ్సా అని పేరు పెట్టుకున్నది. ఇంగ్లీషువాళ్ళు ఫ్లడ్ అని సరిగానే వేశారు. మన కుర్రాళ్ళు అఖ్సా తుఫాను అని తెలుగులో పెట్టి ఫోనుల్లో తిప్పారు. ఆ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది పోయారు, అందులో ఎక్కువమంది మామూలు జనం. ఆ తరువాత గాజాలో పోయినవారు పదుల వేలు. మా బంధువుల ఇంట్లో ఒక కుర్రాడు ఆ పేరును పెద్ద అక్షరాలతో పెట్టుకుంటే, అవనిగడ్డ నుంచి వచ్చిన వాళ్ళ నానమ్మ అదేమిటని అడిగింది. నేను పక్కనే వున్నాను. "తుఫాను కాదమ్మా, సరిగ్గా చెప్పాలంటే ఉప్పెన" అన్నాను. ఆమె కొంచెంసేపు వూరుకుని, "ఉప్పెనని పేరెట్టుకున్నారా? దాన్ని కళ్ళారా చూసినోళ్ళు కాదు లే" అన్నది. కుర్రాడు తీసేశాడు. నలభై ఏళ్ళు తర్జుమా చేసిన నేను ఆ మాటకు అంత సూటిగా వ్యాఖ్య చెప్పలేకపోయాను.

కార్యదర్శి గారికి ఒక మనవి వున్నది. సొసైటీ లైబ్రరీలో ఆ హాన్స్ వేర్ నిఘంటువు ఒకటి కొనిపెట్టండి. నా దగ్గరున్న పాత ప్రతి అట్ట వూడిపోయింది గాని, కొత్తది వచ్చేదాకా అదైనా ఇస్తాను. పక్కన ఒక రిజిస్టరు పెట్టండి. పిల్లలు వార్తల్లో తారసపడిన మాటను అందులో రాయాలి. అరబ్బీలో ఏమి, ఉర్దూలో ఏమి, తెలుగులో ఏమి, ఎవరు అన్నారు, ఏ తేదీన అన్నారు, ఇవన్నీ వుండాలి. ఆదివారాలు అసర్ నమాజు తరువాత నేను వచ్చి కూర్చుంటాను. మాట తేలేదాకా ఎవరికీ పంపకూడదన్నది ఒక్కటే షరతు. షరతు కూడా అరబ్బీయే, కాని ఇది మాత్రం అక్కడా ఇక్కడా ఒకే అర్థం.